జావోయాలో మావాడు

అమ్మ పోయిన మరుసటి వేసవిలో ఒకరోజు కారు టైర్లు మార్పించడానికి క్లిఫ్టన్ వెళ్లాను. చాలాసేపు పడుతుందన్నారు. బయట ఎండ మండిపోతోంది. నీడ కోసం పక్కనున్న దుకాణంలోకి దూరాను. అది పోలిష్ వాళ్ల దుకాణం. న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఆ దారిన ఎన్నోసార్లు పోతూ వస్తూ ఉన్నాను, అయినా ఎప్పుడూ అందులో అడుగు పెట్టలేదు. పొగబెట్టిన మాంసం వాసన, సోయకూర వాసన, ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయల పులుపు, అన్నీ కలిసిన చల్లగాలి మొహానికి తగిలింది. ఒక మూల అరలో చిన్న గాజుసీసాల్లో ముదురాకుపచ్చ ముద్ద ఏదో కనిపించింది. మీదున్న బొమ్మ చూడగానే అది చుక్కకూర అని తెలిసిపోయింది. బొమ్మ కింది అక్షరాలు చదవాల్సిన పని కూడా లేకపోయింది. నోరు దానంతటదే 'ష్చాఫ్' అంది. కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ తలెత్తి చూసి, మొహం విప్పారి, గబగబా పోలిష్‌లో ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడానికి కూడా ఆ భాషలో నా దగ్గర మాట లేదు. ఒకప్పుడు నేను ఆ భాషలో అబద్ధాలాడాననీ, మేకను తిట్టాననీ, కలలు కన్నాననీ ఆవిడకెలా చెప్పను? సీసా కొనుక్కుని, టైర్ల షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మూత తీశాను. వాసన తగలగానే ఏడుపొచ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

మాది కొత్తగూడెం. నాన్న బొగ్గుగనుల్లో ఇంజనీరు. నేను అప్పుడప్పుడే పలక పట్టుకుని బడికి వెళ్తున్న రోజుల్లో, కొత్త యంత్రాల పని నేర్చుకుని రమ్మని కంపెనీ కొంతమందిని పోలండ్ పంపింది. వాళ్లలో నాన్న ఒకడు. భార్యాపిల్లల్ని వెంట తీసుకెళ్లింది మాత్రం నాన్న ఒక్కడే. అమ్మ విడిచి ఉండనంది, అంతే. మొదట గనులున్న ఊళ్లోనే ఒక అపార్ట్‌మెంట్ ఇచ్చారు. కొత్తగూడెం బొగ్గు పొడి మాకు కొత్త కాదు గానీ, అక్కడ మంచు కూడా మసి పట్టి కురిసేది. ఆరేసిన చీర సాయంత్రానికి బూడిదరంగుకి తిరిగేది. అమ్మకి అప్పటికే నెల తప్పింది. ఎడతెగని దగ్గు. ఈ పొగలో ఉండొద్దు, కొండల్లోకి పంపించెయ్యమన్నాడు డాక్టరు. నాన్నతో కలిసి గనిలో పనిచేసే మారెక్ అనే కుర్ర ఇంజనీరు ఆ మాట విని, "మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఇల్లంతా ఖాళీ" అన్నాడట. అలా మేం జావోయా చేరాం. బాబ్యా గూరా అనే పెద్ద కొండ కింద, ఒక వాగు పొడుగునా ఇల్లొకటి ఇక్కడా ఇల్లొకటి అక్కడా పరుచుకున్న ఊరు అది. ఆ కొండ పేరుకి ముసలమ్మ కొండ అని అర్థం. నాన్న గనిలోనే ఉండి, శనివారం సాయంత్రం రైలూ బస్సూ మారి వచ్చేవాడు, ఆదివారం వెళ్లిపోయేవాడు.

మారెక్ వాళ్లమ్మ పేరు హెలేనా. నేను బాప్చా అనేదాన్ని. వాళ్ల భాషలో నాయనమ్మనైనా అమ్మమ్మనైనా ఆ మాటతోనే పిలుస్తారు. ఇల్లు మొత్తం చెక్కతో కట్టింది. దుంగకీ దుంగకీ మధ్య సందుల్లో ఎండుగడ్డిని జడలా అల్లి దూర్చి ఉండేది. వంటింట్లో తెల్ల పెంకులు అతికించిన పెద్ద పొయ్యి. అది ఒట్టి పొయ్యి కాదు, ఇంటికి గుండెకాయ. దాని వెనక అరుగు మీద నా పడక. పొద్దున్నే బాప్చా నడుముకి ముతక ఉన్ని శాలువా చుట్టుకుని, ముందు పొయ్యికి దణ్ణం పెట్టినట్టు వంగి బూడిద ఎత్తేది, తర్వాత మేక దగ్గరికి వెళ్లేది, తర్వాతే మొహం కడుక్కునేది. ఆ క్రమం ఏనాడూ మారలేదు. రొట్టె కోసే ముందు కత్తి మొనతో రొట్టె అడుగున శిలువ గుర్తు గీసేది. చిన్న ముక్క నేల మీద పడినా తీసి ముద్దుపెట్టుకునేది. అన్నం మెతుకు తొక్కితే కళ్లకద్దుకునే మా అమ్మకి ఆవిడ నచ్చడానికి ఆ ఒక్కటి చాలు. పైకప్పు వాసాలకి దారాలతో గుచ్చిన పుట్టగొడుగుల దండలు వేలాడుతుండేవి. తడిసిన నేల వాసన, కాల్చిన చెక్క వాసన, మేకపాల వాసన కలిసిపోయి ఇల్లంతా ఒకే వాసన. ఇప్పటికీ వాన వెలిశాక హైకింగ్ ట్రయిల్ పక్కన చెట్ల మొదళ్ల దగ్గర అప్పుడప్పుడు ఆ వాసన తగిలితే ఆగిపోతాను. వెనక వచ్చేవాళ్లు నన్ను దాటుకుని పోతారు.

అమ్మకి పోలిష్ రాదు, బాప్చాకి ఇంకే భాషా రాదు. మొదట్లో నేనే మధ్యవర్తిని. పిల్లలకి భాష నీళ్లలా పట్టేస్తుంది. కొన్నాళ్లకి వాళ్లిద్దరికీ నా అవసరం తీరిపోయింది. అమ్మ ఆవిడని 'పెద్దమ్మా' అని పిలిచేది. తెలుగులో హెలేనాని అలా అంటారు కాబోలనుకుని బాప్చా పలికేది. ఒకసారి బజార్లో ఎవరితోనో, "నా పేరు ఇండియాలో పెద్దమ్మ" అని గర్వంగా చెప్పుకోవడం నేను విన్నాను. అమ్మ తెలుగులోనే మాట్లాడేది, ఆవిడ పోలిష్‌లోనే జవాబిచ్చేది.

"పెద్దమ్మా, పాలు పొంగుతున్నయ్ చూడు."

"దోబ్జే, దోబ్జే," అంటూ ఆవిడ గిన్నె దించేది. సరే, సరే అని.

పురిటి నెల వచ్చేసరికి మంచు కిటికీ సగం దాకా పేరుకుంది. పక్క పట్నం ఆసుపత్రిలో తమ్ముడు పుట్టాడు. తెచ్చి పొయ్యి పక్కన బట్టల బుట్టలో పడుకోబెట్టారు. నల్లగా, ఒత్తు జుట్టుతో, పిడికిళ్లు బిగించి ఉండేవాడు. చూడ్డానికి ఊరంతా వచ్చింది. అలాంటి జుట్టున్న పిల్లాణ్ణి వాళ్లెప్పుడూ చూడలేదు. నేను బుట్ట పక్క నుంచి కదిలేదాన్ని కాదు. వాడు ఆవలిస్తే నాకు పండగ. అయితే పుట్టినప్పటి నుంచీ వాడి ఊపిరి సరిగ్గా లేదు. నెల నిండకముందే జ్వరం వచ్చింది. దారులు మూసుకుపోయాయి. బాప్చా పొరుగింటి గుర్రపు స్లెడ్జి కట్టించి, వాణ్ణి తన శాలువాలో చుట్టుకుని, అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. శాలువా అలాగే ఉంది. బాప్చా ఒళ్లోంచి దాన్ని అమ్మ తీసుకోలేదు. నేను చేతులు చాపితే, బాప్చా నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

నాన్న, మారెక్ మర్నాటికి గానీ చేరలేకపోయారు. మనలో పసిపిల్లల్ని కాల్చరు, పూడుస్తారు. ఎక్కడ పూడ్చాలన్నదే ప్రశ్న. ఊరి శ్మశానం చర్చిది. జ్ఞానస్నానం లేని పిల్లలకి గోడవతల వేరే చోటుందని, అక్కడ పెట్టమని ఫాదర్ అన్నాడట. బాప్చా తలకి రుమాలు కట్టుకుని, మారెక్‌ని తోడు కూడా రానివ్వకుండా ఆయన దగ్గరికి వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడిందో తర్వాత ఆవిడ నోటే విని మారెక్ నాన్నకి చెప్పాడు, నాన్న చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు. "నా మొగుడి పక్క చోటు నాది. నేను పోయేదాకా అది ఖాళీ. నా చోట్లో ఎవర్ని పడుకోబెట్టుకుంటానో నా ఇష్టం. దేవుడికి అభ్యంతరం ఉంటే నన్నే అడుగుతాడు, మిమ్మల్ని కాదు," అందట. ఫాదర్ సరేనన్నాడట. ఆ రోజు కిటికీలోంచి చూస్తే కొండవాలు మీద, శ్మశానం వైపు నల్లటి పొగ లేస్తోంది. మంచుకి రాయిలా బిగిసిన నేల తవ్వడానికి ముందు దాని మీద మంట వేయాలి. అదేమిటని అడిగితే, "నేల చల్లగా ఉంది, వెచ్చబెడుతున్నారు" అంది బాప్చా. తమ్ముడికి పక్క వెచ్చబెడుతున్నారనుకున్నాను నేను. చాలాకాలం అదే అనుకున్నాను.

ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లడం మన దగ్గర లేదు. అమ్మ వెళ్లలేదు. బాప్చాకి ఇది ఎప్పటికీ అర్థం కాలేదు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ లోపలికి వెళ్లి మంచు తుడిచి, దీపం పెట్టి వచ్చేది. అమ్మ నా చెయ్యి పట్టుకుని గోడ ఇవతల నిలబడేది. గోడ అమ్మ భుజం దాకా ఉండేది, కావాలంటే చూడొచ్చు. అమ్మ చూసేది కాదు, మంచు వైపు తలవంచుకుని నిలబడేది. అలా వచ్చి నిలబడటం మాత్రం ఒక్క వారం కూడా మానలేదు.

అమ్మ మాట్లాడటం మానేసింది. వంట మానేసింది. పొయ్యి పక్కన, బుట్ట ఉండిన చోట, గోడకానుకుని కూర్చునేది. నాన్న వచ్చి తిరిగి ఇండియా వెళ్లిపోదామా అని అడిగితే మొహం గోడ వైపు తిప్పుకునేది. బాప్చా అమ్మ ఒళ్లో ఒక గిన్నెడు ఎండు బఠాణీకాయలు పెట్టేది, ఒలవమన్నట్టు. అమ్మ ఒలిచేది. ఉన్ని ఉండ పెట్టేది. అమ్మ చుట్టేది. అలా చలికాలం గడిచింది. మంచు కరిగి వాగు రొదపెట్టింది. పచ్చిక లేచింది. ఒకరోజు పొద్దున్నే బాప్చా తన భర్త బూట్లు తెచ్చి అమ్మ ముందు పెట్టింది. ముందు భాగంలో పాత కాగితాలు కుక్కి ఉన్నాయి. చీర కింద తొడుక్కోమని మారెక్ పాత ప్యాంటు కూడా ఇచ్చింది.

"ఎందుకు పెద్దమ్మా?" అంది అమ్మ. అన్ని నెలల తర్వాత అమ్మ గొంతు వినడం అదే మొదలు.

బాప్చా వేలెత్తి కొండ చూపించింది.

ఆ ఎక్కుడు నాకిప్పటికీ కాళ్లలో గుర్తుంది. ముందు బీచ్ చెట్లు, తర్వాత స్ప్రూస్ అడవి, లోపల చీకటి, కాలికింద సూదుల్లాంటి ఆకుల మెత్తదనం. పైకెళ్లే కొద్దీ చెట్లు పొట్టివైపోయి, నా ఎత్తుకి వచ్చి, నడుముకి వచ్చి, చివరికి రాళ్లే మిగిలాయి. బాప్చాకి మోకాళ్ల నొప్పులు. కాస్త నడిచి కర్ర మీద ఆనుకుని ఆగేది, ఆగినప్పుడల్లా నాకో ఎండు రేగుపండు లాంటిది ఇచ్చేది. శిఖరం దగ్గరపడుతుండగా మబ్బు కమ్మింది. ముందున్న రాయి కూడా కనపడలేదు. గాలి ఎలాంటిదంటే, అమ్మ చీరకొంగు ఎగిరి నా మొహానికి చుట్టుకుంటే ఊపిరాడలేదు. బాప్చా మమ్మల్నిద్దర్నీ చేతులు పట్టి లాక్కెళ్లి, పైన పేర్చి ఉన్న రాతిగోడ చాటున కూర్చోబెట్టింది. అక్కడ, ఆ గాలి హోరులో, అమ్మ నోరు తెరిచింది. ముందు అది ఏడుపని నాకు తెలియలేదు, గాలే అనుకున్నాను. "నువ్వు ఇయ్యబోతే నేనే వాణ్ణి తీసుకోలేదు పెద్దమ్మా, నాకు భయమేసింది" అని అమ్మ. బాప్చా కూడా ఏడుస్తూ, తన భర్త గురించి, యుద్ధంలో పోయిన తమ్ముడి గురించి ఏదో చెప్తోంది. ఇద్దరూ ఒకేసారి, ఎవరి భాషలో వాళ్లు, ఒకరి మాట ఒకరు ఆపకుండా. నేను మధ్యలో ఇరుక్కుని రేగుపండ్ల జామ్ రాసిన రొట్టె తింటున్నాను. ఇద్దరి ఒంటి వేడీ నాకు తగులుతోంది. వాళ్లు ఏడుస్తున్నారని నాకు దిగులు వేయలేదు. ఇల్లు మళ్లీ మొదలైనట్టనిపించింది.

దిగేటప్పుడు అడవి మధ్యలో ఒక పచ్చికబయలు వస్తుంది. దాని పేరు ష్చావీనీ. అమ్మ ఉన్నట్టుండి ఆగి, వంగి, ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. కళ్లు చికిలించింది.

"చుక్కకూరే ఇది! సుభద్రా, తిని చూడు. మన చుక్కకూరే."

"ష్చాఫ్," అంది బాప్చా.

"చుక్కకూర," అంది అమ్మ గట్టిగా, దిద్దుతున్నట్టు.

"చుకు... కురా," అంది బాప్చా. అమ్మ కొంగు నిండా కోసింది. ఇండియా నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు డబ్బా అడుగున కాసిని మిగిలున్నాయి. అన్నీ వేయించేసింది. ఆ ఘాటుకి మేం ముగ్గురం, బయట మేకా తుమ్మాం. బాప్చా మొదటి ముద్దకి నీళ్ల కుండ దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చి రెండో ముద్ద అడిగింది.

ఆ ఆకురాలు కాలానికి నాన్న శిక్షణ అయిపోయింది, కొత్తగూడెం వచ్చేశాం. నా పోలిష్‌ని చూసి బళ్లో పిల్లలు నవ్వారు. నవ్వే కొద్దీ ఆ మాటలు ఒక్కొక్కటిగా నాలుక మీంచి దిగిపోయాయి. ఇంట్లో ఎవరూ పోలండ్ పేరెత్తేవారు కాదు. అమ్మకి మళ్లీ పిల్లలు పుట్టలేదు. మారెక్ నుంచి కొన్నాళ్లు కొత్త సంవత్సరం కార్డులు వచ్చాయి. నాన్నకి బదిలీలయ్యాక అవీ ఆగిపోయాయి. నేను చదివి, పెళ్లి చేసుకుని, భర్తతో న్యూజెర్సీ వచ్చి, డేటాబేస్‌ల ఉద్యోగంలో జుట్టు నెరిపించుకున్నాను. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉండిపోయింది. ఒకసారి, అమ్మ కాళ్లు ఇంకా బాగున్నప్పుడే, "అమ్మా, జావోయా వెళ్లొద్దామా? ఇక్కణ్ణుంచి అంత దూరమేం కాదు" అన్నాను. అమ్మ అప్పుడు కొత్తిమీర వలుస్తోంది. చాలాసేపు వలిచింది.

"పోతే మళ్లీ వాణ్ణి వదిలిపెట్టి రావాలి గదే," అంది.

ఇంకెప్పుడూ అడగలేదు. అమ్మ అస్థికలు భద్రాచలం తీసుకెళ్లి నాన్నవి కలిపిన చోటే గోదావరిలో కలిపాం. అమ్మ కోరిక కూడా అదే.

ఇదంతా నా కూతురు అన్వితకి తెలియదు. అన్విత ఇక్కడే పుట్టింది. చాండ్లర్‌లో చిప్‌ల కంపెనీలో పనిచేస్తుంది, సెలవు దొరికితే కొండలెక్కుతుంది. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆ చుక్కకూర సీసా నా ఫ్రిజ్‌లో చూసి అడిగింది. పోలండ్‌లో ఉన్నామని, కొండ కింద ఊరని, బాప్చా అని, అంతవరకే చెప్పాను.

"అమ్మా, నీకు అంత పెద్ద చైల్డ్‌హుడ్ స్టోరీ ఉందని నాకు ఎందుకు తెలీదు?"

"నువ్వు అడగలేదుగా."

"అడగాలని నాకు ఎలా తెలుస్తుంది?" అంది. నిజమే. వారం తిరక్కుండా ఫోన్ చేసింది. "నేను టికెట్స్ బుక్ చేసేశా. నెక్స్ట్ సమ్మర్‌లో ఆ మౌంటెన్ ఎక్కుదాం. ట్రయిల్ చూశాను, నాట్ దట్ హార్డ్. నాన్నకి చెప్పేశా, ఆయన రారంట, నీస్ ప్రాబ్లమ్. మనిద్దరమే."

క్రాకోలో దిగి కారు అద్దెకి తీసుకున్నాం. అన్విత డ్రైవ్ చేసింది. కొండలు దగ్గరవుతుంటే ఏదో గుర్తుపడతానని కిటికీకి మొహం ఆనించి కూర్చున్నాను. ఏదీ గుర్తు రాలేదు. రోడ్లు వెడల్పయ్యాయి, చెక్క ఇళ్ల చోట రంగు గోడలొచ్చాయి. ఊరు మాత్రం అలాగే వాగు పొడుగునా సాగింది. మారెక్ ఇంటిపేరుతో ఒక గెస్ట్ హౌస్ ఉందని అన్విత ఇంటర్నెట్‌లో వెతికి పట్టి గది తీసుకుంది. దాన్ని నడిపేది మారెక్ కూతురు ఎవా. మేం వెళ్లిపోయాక పుట్టిన మనిషి. యాభై ఏళ్లుంటాయి, కురచ జుట్టు, గట్టి చేతులు. నేను ఎవరినో చెప్పగానే ఆవిడ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. బాప్చా ఇల్లు ఎప్పుడో పడగొట్టారట, మేం నిలబడ్డది ఆ స్థలంలోనే అట. ఎవా ఇంగ్లిష్‌లో న్యూజెర్సీ యాస వినిపించి ఆశ్చర్యపోయాను. చాలా ఏళ్లు అక్కడే ఇళ్లు శుభ్రం చేసే పని చేసిందట. లిండెన్‌లో ఉండేదట. మేమిద్దరం ఒకే హైవే మీద ఎన్నిసార్లు ఒకరి పక్క నుంచి ఒకరం పోయామో!

"ఎందుకు తిరిగొచ్చేశారు?" అని అడిగాను.

"నాన్న పోయాడు. సమాధులు చూసుకునేవాళ్లు ఎవరూ లేరు," అంది. అదేదో అందరికీ తెలిసిన కారణం అన్నట్టు అంది.

శ్మశానం అక్కడికి నాలుగడుగులే. సాయంత్రమే వెళ్దామంది ఎవా. నేను ముందు కొండెక్కుతానన్నాను. వాతావరణం మారిపోతుందేమోనన్నాను. అన్విత నా వైపు అదోలా చూసింది.

మర్నాడు ఎక్కాం. దారంతా రంగుల గుర్తులు, మెట్లు, చేతికర్రలు పట్టుకున్న కుటుంబాలు. పిల్లలు నన్ను దాటుకుని పరిగెత్తుతున్నారు. అన్విత కొండమేకలా ముందుకు పోయి మళ్లీ నా కోసం వెనక్కి వచ్చేది. అడవి అదే. ఆ సూదుల ఆకుల మెత్తదనం కాలికి తగలగానే, ఊరు గుర్తుపట్టలేని నేను దీన్ని గుర్తుపట్టాను. పొట్టి చెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆయాసం ముంచుకొచ్చి ఒక బండ మీద కూర్చున్నాను. అక్కడ చెప్పాను అన్వితకి. బుట్ట గురించి, శాలువా గురించి, పొగ గురించి, గోడ గురించి. అన్విత నీళ్ల సీసా మూత తిప్పుతూ, విప్పుతూ వింది.

"సో నాకు ఒక మామయ్య ఉన్నారు," అంది చివరికి.

నేను ఉలిక్కిపడ్డాను. అన్విత పెళ్లిలో గంపలో మోయడానికి మేనమామ లేక మా పినతండ్రి కొడుకుని ఎడిసన్ నుంచి పిలిపించాం. ఆ రోజు అమ్మ గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పెళ్లికూతురు వెళ్లిపోతోందని దిగులు అనుకున్నారంతా. మా ఇంట్లో మామయ్య అనే మాటకి ఒక మనిషి ఉండేవాడని నేనే ఎప్పుడూ తలచుకోలేదు. నాకు వాడు తమ్ముడు, అమ్మకి కొడుకు, అంతే. ఇరవై ఎనిమిదేళ్ల ఈ పిల్ల, తెలుగు సగం సగం మాట్లాడే పిల్ల, వాడికి ఇంకో వరస కలిపింది.

ఆ రోజు శిఖరం మీద మబ్బు లేదు. దక్షిణాన టాట్రా పర్వతాలన్నీ పళ్లు బయటపెట్టినట్టు కనిపించాయి. రాతిగోడ చాటున ఎవరో కుర్రాళ్లు ఫోన్లో పాటలు పెట్టుకుని సాండ్‌విచ్‌లు తింటున్నారు. బాగానే ఉంది. కానీ నేను వెతికింది ఇది కాదు. నేను వెతికింది ఏమీ కనపడని ఆ తెల్లదనం, రెండు పెద్ద ఒళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న ఆ వెచ్చదనం. అప్పుడు మాకు ఫోన్ లేదు, డాక్టరు దగ్గర లేడు, దారి లేదు, భాష కూడా లేదు. ఈ రోజుల్లో అయితే వాణ్ణి హెలికాప్టర్లో తీసుకెళ్లి బతికించేవాళ్లేమో. అది తెలిసి కూడా, ఆ ఏడాదిలోకి మళ్లీ వెళ్లిపోవాలనిపిస్తుంది. నా చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకే పొయ్యి వేడికి బతికిన ఏడాది అది ఒక్కటే. పార్సిప్పనీలో మా ఇంట్లో ప్రతి గదికీ వేరే థర్మోస్టాట్ ఉంది.

మూడో రోజు పొద్దున ఎవా వెంట శ్మశానానికి వెళ్లాం. సన్నగా వాన. ఎవా చేతిలో బకెట్, కుంచె, గాజు బుడ్డిలో దీపం. గోడ అలాగే ఉంది. ఇప్పుడు నాకూ భుజం దాకా వచ్చింది. నేను దాని ఇవతల ఆగిపోయాను.  అన్విత వెనక్కి వచ్చి నా మోచేయి పట్టుకుంది. తెలియని వాళ్లు తోసినట్టు కాకుండా, దారి చూపినట్టు పట్టుకుంది. లోపలికి నడిచాను. మా వంశంలో శ్మశానంలోకి అడుగుపెట్టిన మొదటి ఆడదాన్ని నేనే అయ్యుంటాను. అప్పుడు తట్టింది నాకు: నాన్న లేడు, నీళ్లలో కలిసిపోయాడు. అమ్మా అంతే. తాతలూ అంతే. వెళ్లి ఒకచోట నిలబడి, ఇదిగో మావాళ్లు ఇక్కడున్నారని చెప్పుకోవడానికి భూమి మీద మాకు ఒక్కటే చోటుంది. అది ఇదే.

నల్లరాయి. మొదట బాప్చా భర్త పేరు, యాన్. దాని కింద హెలేనా. దాని కింద, కొంచెం చిన్న అక్షరాల్లో, ఇంకో పేరు. వాళ్ల లిపిలో, నాలుగే అక్షరాలు. బాబు.

మేమున్నప్పుడు అక్కడ ఒట్టి చెక్కగుర్తు ఉండేదట. రాయి తర్వాత బాప్చా వేయించిందట. పేరు రాయించాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో అందరూ వాణ్ణి ఏమని పిలిచేవాళ్లో అదే చెప్పిందట. మేం ఇంకా బారసాల చెయ్యలేదు. అమ్మా నాన్నా నేనూ, "బాబు లేచాడా, బాబు పాలు తాగాడా" అనేవాళ్లం.

"బాప్చా నవంబర్‌లో దీపాలు పెట్టేటప్పుడు అందరి పేర్లూ చదివించేది. యాన్, తర్వాత బాబు. ఇప్పుడు నేను చదువుతాను," అంది ఎవా. "ఊళ్లో ఇంకెవరికీ లేని పేరు. మీ దేశంలో మామూలుగా పెట్టుకునే పేరేనా?"

అన్విత నా వైపు తిరిగి తెలుగులో, నెమ్మదిగా, "అమ్మా, బాబు అంటే జస్ట్ బేబీ కదా?" అంది.

"అవును," అన్నాను ఎవాతో. "అదే వాడి పేరు."

ఎవా తృప్తిగా తలూపి, కుంచె తడిపి రాయి తోమడం మొదలుపెట్టింది. రాతి అంచుల్లో పట్టిన నాచు ఎలా గీకాలో, దీపం బుడ్డి గాలికి పడకుండా ఎక్కడ పెట్టాలో అన్వితకి చూపిస్తోంది. అన్విత చేతులు పైకి మడుచుకుని, మోకాళ్ల మీద కూర్చుని తోముతోంది. నేను తడి గడ్డిలోనే చతికిలబడ్డాను. ఇంత వయసొచ్చింది. నన్ను అక్కా అని పిలిచినవాళ్లు ఎందరో ఉన్నారు, మా ఆఫీసులో, గుళ్లో, పార్సిప్పనీ అపార్ట్‌మెంట్లలో. నేనుగా ఎవరికీ ఆ మాట చెప్పుకోలేదు. రాయి మీద చెయ్యి పెట్టాను.

"బాబూ," అన్నాను. "నేను రా, అక్కని."